నాలుగు దేశాల రగ్బీ చెన్నైకి రావాలంటే

సంపాదకుడు గారికి,

2025 జూన్‌లో ముంబైలో జరిగిన మొట్టమొదటి రగ్బీ ప్రీమియర్ లీగ్‌ను చెన్నై బుల్స్ గెలిచినప్పటి నుంచి ఈ ఊళ్లో రగ్బీ మాట వినబడుతోంది. పెరంబూరు, విల్లివాక్కం, అంబత్తూరు వైపు తెలుగు ఇళ్లలో కూడా పిల్లలు కోలబంతి కొనిపెట్టమని అడుగుతున్నారు. దాంతోపాటే, రగ్బీలో ఎదుగుతున్న దేశాలను పిలిచి చెన్నైలో ఒక అంతర్జాతీయ టోర్నీ పెట్టాలన్న కోరికా మొదలైంది. అది మా కోరిక కూడా. కాకపోతే ప్రీమియర్ లీగ్‌లో చూసింది ఏడుగురి ఆట. ప్రపంచకప్ నడిచేది, దేశాల ర్యాంకులు లెక్కకట్టేది 15 మంది ఆటలో. ఏడుగురి ఆటలో మామూలు మ్యాచ్ 7 నిమిషాల చొప్పున రెండు భాగాలు. 15 మంది ఆటలో 40 నిమిషాల చొప్పున రెండు భాగాలు, అదీ ఎనిమిది మందికి ఎనిమిది మంది తలలు దూర్చి నెట్టుకునే స్క్రమ్‌తో. మొదటిది బాగా నిర్వహించాం కాబట్టి రెండోదీ అలాగే జరిగిపోతుందనుకుంటే ఎక్కడెక్కడ దెబ్బ తింటామో రాద్దామనే ఈ ఉత్తరం.

ఇలాంటి టోర్నీకి ముందే ఒక నమూనా ఉంది. అంతర్జాతీయ రగ్బీ సంఘం (ఇప్పటి పేరు వరల్డ్ రగ్బీ) 2006లో నేషన్స్ కప్ అనే పోటీని లిస్బన్‌లో మొదలుపెట్టింది. పెద్ద జట్లు తమలో తాము ఆడుకుంటూ ఉంటే రొమేనియా, జార్జియా, నమీబియా, ఉరుగ్వే లాంటి దేశాలకు ఏడాదిలో గట్టి మ్యాచ్‌లు దొరికేవి కావు. ఆ కొరత తీర్చడానికి పెట్టిన కప్పు అది. పెద్ద దేశాలు తమ రెండో జట్లను పంపేవి, ఎదిగే దేశాలు తమ అసలు జట్లతో వచ్చేవి. అందరూ ఒకే ఊళ్లో దిగి పది, పదిహేను రోజుల్లో మూడేసి మ్యాచ్‌లు ఆడి వెళ్లేవారు. 2007 నుంచి 2016 దాకా అది బుకారెస్ట్‌లోనే జరిగింది. 2010లో నమీబియా గెలిచింది. 2012, 2013ల్లో రొమేనియా తన సొంతగడ్డ మీద వరసగా గెలిచింది. 2017 నుంచి 2019 దాకా పోటీ మాంటెవీడియోకి మారింది, మూడుసార్లూ ఉరుగ్వేదే కప్పు. అదే ఉరుగ్వే 2019 సెప్టెంబరులో, జపాన్‌లోని కమైషిలో, ప్రపంచకప్ మ్యాచ్‌లో ఫిజీని 30-27తో ఓడించింది. ఏటా సొంతూళ్లో గట్టి మ్యాచ్‌లు ఆడిన జట్టుకు, ఏడాదికోసారి విమానమెక్కి వెళ్లి ఓడి వచ్చే జట్టుకు ఉండే తేడా అది. 2027లో ఆస్ట్రేలియాలో జరిగే ప్రపంచకప్‌లో జట్లు 20 నుంచి 24కి పెరిగాయి. ఆసియా నుంచి హాంకాంగ్ చైనాకి తొలిసారి చోటు దొరికింది. మనం ఆ వరసలో చాలా వెనకున్నాం. అందుకే మనకు జార్జియానో ఉరుగ్వేనో కాదు, మనకన్నా ఒకటి రెండు మెట్లు పైనున్న ఆసియా జట్లు కావాలి.

ముందు నెల సంగతి. అంతర్జాతీయ రగ్బీ క్యాలెండర్‌లో క్లబ్బులు తమ ఆటగాళ్లను దేశానికి తప్పనిసరిగా వదలాల్సిన రోజులు జులైలోనూ, అక్టోబరు ఆఖరు నుంచి నవంబరులోనూ ఉంటాయి. చెన్నైలో జులై ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు, నవంబరు తుపాన్ల నెల. జులైలోనే పెట్టాలంటే బెంగళూరు మేలు, 900 మీటర్లకు పైన ఉన్న ఊరు కాబట్టి వేడి బాధ ఉండదు. చెన్నైకి తగినది సంక్రాంతి దాటాక, జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. అప్పుడు యూరప్ జట్లు రావు, వాటికి సొంత పోటీలు ఉంటాయి. ఆసియా జట్లలో కూడా విదేశీ క్లబ్బుల్లో ఆడేవాళ్లు ఒకరిద్దరు దొరకరు. మొదటి టోర్నీకి అది నష్టమేమీ కాదు.

ఇక మైదానం. ఎక్కువమంది చూడకుండా వదిలేసేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం. ఫుట్‌బాల్ ఆడే చోట రగ్బీ ఆడించవచ్చులే అన్నది అందరి నోటా వినిపించే మాట. రగ్బీ మైదానం గోల్ లైను నుంచి గోల్ లైనుకు 94 నుంచి 100 మీటర్లు, వెడల్పు 68 నుంచి 70 మీటర్లు. గోల్ లైనుకు వెనక ట్రై పెట్టడానికి, అంటే బంతిని నేలకు ఆనించి పాయింట్లు తెచ్చుకోవడానికి, ఇన్‌గోల్ అనే స్థలం ఉంటుంది, అది తక్కువలో తక్కువ 6 మీటర్లు, ఎక్కువలో ఎక్కువ 22. వీటన్నిటికీ చుట్టూ, వీలైన ప్రతిచోటా, 5 మీటర్ల ఖాళీ ఉండాలి. చెన్నై జవాహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, బెంగళూరు కంఠీరవ స్టేడియం రెండూ చుట్టూ పరుగు ట్రాక్ ఉన్నవే. ప్రామాణికమైన 400 మీటర్ల ట్రాక్‌లో ఈ పక్క లోపలి అంచుకు, ఆ పక్క లోపలి అంచుకు మధ్య వెడల్పు 73 మీటర్లు. తిన్నగా ఉండే భాగం 84.39 మీటర్లు, ఆ తర్వాత 36.5 మీటర్ల వ్యాసార్ధంతో వంపు తిరుగుతుంది. ఈ లోపల 68 మీటర్ల వెడల్పు గీస్తే పక్కన మిగిలేది రెండువైపులా రెండున్నర మీటర్లే. పొడవు తక్కువలో తక్కువ 94, రెండు ఇన్‌గోల్‌లు ఆరేసి, మొత్తం 106. అప్పుడు గోల్ లైను మూలలో జెండా నుంచి ట్రాక్ అంచుకు ఉండే దూరం సుమారు 2.2 మీటర్లు. ఇన్‌గోల్ చివరి మూలలో అయితే 80 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. మైదానం 100 మీటర్లు గీశారా, ఇన్‌గోల్ మూలలు ఏకంగా ట్రాక్ మీదికే వెళ్లిపోతాయి.

కాగితం మీద ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది. రగ్బీలో చాలా ట్రైలు ఆ మూలల్లో పడతాయి. మైదానం అంచున ఆడే వింగర్ పూర్తి వేగంతో వచ్చి, ట్యాకిల్ చేసేవాడు నడుము పట్టుకుని వేలాడుతుండగా, ఒంటిచేత్తో బంతి చాపుతూ జెండా పక్కన దూకుతాడు. గడ్డి మీద పడ్డవాళ్లిద్దరూ మూడు నాలుగు మీటర్లు జారుతారు. ఆ జారే దారిలో ట్రాక్ లోపలి అంచుకు బిగించిన 5 సెంటీమీటర్ల ఎత్తు అల్యూమినియం పట్టీ ఉంటే అది పక్కటెముకకో, చెంపకో, మోకాలికో తగులుతుంది. కాబట్టి పట్టీ విప్పదగిన రకమైతే మ్యాచ్ రోజుకు దాన్ని విప్పాలి. ట్రాక్ మీద 5 మీటర్ల దాకా రబ్బరు చాపలు పరిచి, పైన కృత్రిమ పచ్చిక చుట్టలు వేసి, అతుకులు లేవకుండా అంటించాలి. ప్రకటన బోర్డులు, టీవీ కెమెరా కాళ్లు, నీళ్ల డబ్బాలు, పోలీసుల కుర్చీలు అన్నీ ఆ 5 మీటర్ల అవతలే. మైదానం 94 మీటర్లకు మించి గీయకూడదు. అదేమీ చిన్నతనం కాదు, నిబంధనలు ఒప్పుకున్న కొలతే.

గడ్డి గురించి. మన స్టేడియాల్లో వేసేది ఎక్కువగా గరిక జాతి గడ్డే, ఎండకు తట్టుకుంటుంది, రగ్బీకి మంచిదే. తేడా వచ్చేది కోతలో, నీళ్లలో. ఫుట్‌బాల్‌కి బంతి వేగంగా దొర్లాలని పొట్టిగా కోస్తారు. రగ్బీకి నాలుగు సెంటీమీటర్ల దాకా ఉంచితే పడ్డవాడికి కాస్త మెత్తగా ఉంటుంది. రోజూ పైపైన చిలకరించే నీళ్లతో వేళ్లు పైనే ఉండిపోతాయి. 16 మంది స్క్రమ్‌లో మడమలు తన్ని నెట్టినప్పుడు గడ్డి పెళ్లలు పెళ్లలుగా లేచి, కింద జారుడు మట్టి బయటపడుతుంది. స్క్రమ్ ముందు వరసలో నెట్టే ప్రాప్ కాలు జారితే స్క్రమ్ కూలుతుంది, మెడ మీద బరువు పడుతుంది. అందుకే డిసెంబరు మధ్య నుంచి వారానికి రెండు మూడుసార్లు లోతుగా తడపాలి, తడికీ తడికీ మధ్య పైమట్టి ఆరనివ్వాలి. గట్టిదనం చూడటానికి పెద్ద యంత్రం లేకపోయినా పొడవాటి స్క్రూడ్రైవర్ చాలు. అరచేతి బలంతో నెడితే పిడి దాకా దిగాలి. మధ్యలో ఆగిపోతే ఆ నేల మీద తల తగలనివ్వకూడదు. కృత్రిమ పచ్చిక మీద ఆడించాలనుకునేవారు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ఫుట్‌బాల్‌కి ఇచ్చిన ధ్రువపత్రం రగ్బీకి పనికిరాదు. వరల్డ్ రగ్బీ 22వ నియమం ప్రకారం తల నేలకు తగిలినా తట్టుకునేలా కింద మెత్తటి పొర ఉందో లేదో విడిగా పరీక్షించాలి.

స్టేడియంలో అంతకుముందు సంగీత కచేరీయో, సభో జరిగి ఉంటే ఇంకో ప్రమాదం. పందిరి మేకులు, తీగముక్కలు, ప్లాస్టిక్ పట్టీలు గడ్డిలో ఉండిపోతాయి. చక్రాల మీద నడిచే అయస్కాంతపు కడ్డీని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి లాగాలి. ఆ తర్వాత పదిమంది వరసగా నిలబడి, మోకాళ్ల మీద వంగి, చేత్తో వెతుక్కుంటూ రావాలి. ప్లాస్టిక్‌ను, అల్యూమినియాన్ని అయస్కాంతం పట్టదు.

గీతలకు సున్నం వాడొద్దు. మన స్కూలు మైదానాల్లో, జిల్లా పోటీల్లో ఇప్పటికీ పొడిసున్నం చల్లి గీతలు గీస్తున్నారు. రగ్బీలో మొహం ఆ గీత మీదే పడుతుంది. చెమట తగిలిన సున్నం చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. నీళ్లలో కలిపే తెల్లరంగు కానీ, మామూలు సుద్దపొడి కానీ వాడాలి. దుకాణంలో రెండూ తెల్ల బస్తాల్లోనే ఉంటాయి కాబట్టి బస్తా మీద పేరు చదివి కొనాలి. గోల్‌పోస్టుల మధ్య దూరం 5.6 మీటర్లు, అడ్డకర్ర నేల నుంచి 3 మీటర్లు. ఫుట్‌బాల్ గోల్‌కు పైపులు తగిలించి పని కానివ్వడం కుదరదు, ఫుట్‌బాల్ గోల్ వెడల్పు 7.32 మీటర్లు. పోస్టు చుట్టూ మనిషెత్తు స్పాంజి కట్టాలి. ఆ స్పాంజి గోల్ లైను నుంచి 30 సెంటీమీటర్లకు మించి ముందుకు రాకూడదు.

బంతి గురించి చిన్న లెక్క. మ్యాచ్ మొదలయ్యేటప్పుడు లోపలి గాలి పీడనం 65.71 నుంచి 68.75 కిలోపాస్కల్‌ల మధ్య ఉండాలి, అంటే తొమ్మిదిన్నర నుంచి పది పీఎస్ఐ. ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర 67 కొట్టి, 36 డిగ్రీల ఎండలోకి తెస్తే అదే బంతి 75 చూపిస్తుంది. అలాంటి బంతి చేతికి రాయిలా తగులుతుంది, క్యాచ్‌లు జారిపోతాయి, కిక్ అనుకున్నదానికన్నా దూరం పోతుంది. కాబట్టి బంతుల్ని మ్యాచ్‌కు గంట ముందు మైదానంలోనే నీడలో పెట్టి, అక్కడే గాలి సరిచూడాలి.

ఆటగాళ్ల దగ్గరికి వస్తే, మన దగ్గర అన్నిటికన్నా పెద్ద కొరత ముందు వరస. స్క్రమ్ ముందు వరసలో ఇద్దరు ప్రాప్‌లు, మధ్యలో ఒక హుకర్. 23 మంది జట్టులో ఆ మూడు స్థానాలకూ రెట్టింపు, అంటే ఆరుగురు శిక్షణ పొందినవాళ్లు ఉండాలి. మూడు మ్యాచ్‌ల టోర్నీకి గాయాలూ లెక్కేస్తే ఎనిమిది మంది కావాలి. ఏడుగురి ఆటలో స్క్రమ్ మూడుకు మూడు, బంతి రాగానే విడిపోతుంది. అక్కడ ప్రాప్‌గా ఆడాడు కదా అని 15 మంది ఆటలో ముందు వరసలో నిలబెడితే మెడ విరుగుతుంది. మేం ఊరికే భయపెట్టడానికి ఈ మాట రాయడం లేదు. ఎదుటి ఎనిమిది మంది బరువు, వెనకున్న తనవాళ్ల బరువు రెండూ అతని మెడ, భుజాల మీదే కలుస్తాయి.

ముందు వరస వాణ్ని తయారు చేయడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పెట్టుకోవాలి. మొదటి ఆరు నెలలు మెడ, పైవీపు, తుంటి బలం, ఒకరికొకరు ఎదురుగా మోకరిల్లి నెట్టుకునే సాధన. తర్వాత ముగ్గురికి ముగ్గురు, ఆపైన ఐదుగురికి ఐదుగురు, స్క్రమ్ యంత్రం మీద ఎనిమిది మంది. ఆఖరున ఎనిమిదికి ఎనిమిది. రిఫరీ "క్రౌచ్, బైండ్, సెట్" అని మూడు మాటలు పలుకుతాడు. మొదటి మాటకు వంగినప్పుడు భుజాలు తుంటి కన్నా కిందికి దిగకూడదు. రెండో మాటకు ఎదుటి ప్రాప్ జెర్సీని వీపు మీదో, పక్కటెముకల మీదో పట్టుకోవాలి. చేయి చొక్కా మీద కాక ఎదుటివాడి భుజం కింది చేతిని పట్టుకుంటే అతన్ని కిందికి లాగినట్టే, స్క్రమ్ అక్కడే కూలుతుంది. మన దగ్గర కూలే స్క్రమ్‌లలో ఎక్కువ ఈ చేతిపట్టు దగ్గరే చెడతాయి. మూడో మాట తర్వాత కూడా బంతి స్క్రమ్‌లోకి వేసేదాకా నెట్టకూడదు. 19 ఏళ్ల లోపు వాళ్ల మ్యాచ్‌లలో స్క్రమ్‌ను ఒకటిన్నర మీటరు కన్నా ఎక్కువ నెట్టనివ్వరు. ఆ వయసు నుంచి నేరుగా దేశం జట్టులోకి తెచ్చిన కుర్రాడికి అసలు నెట్టుడు కొత్త అని గుర్తుంచుకోవాలి. ముందు వరసలో ఒకడికి దెబ్బ తగిలి, బదులు దింపడానికి శిక్షణ ఉన్నవాడు లేకపోతే ఆ మ్యాచ్ మిగతా స్క్రమ్‌లన్నీ నెట్టుడు లేకుండానే జరుగుతాయి, పైగా ఆ జట్టు 14 మందితో ఆడాలి. ఖర్చు పెట్టి మూడు దేశాలను పిలిచి, టీవీలో అలాంటి మ్యాచ్ చూపించడం ఎవరికి ఇష్టం?

కబడ్డీ నుంచి వచ్చే కుర్రాళ్ల మీద అందరికీ ఆశ ఉంది, మాకూ ఉంది. చెడుగుడు ఆడి పెరిగినవాడికి కిందికి వంగి పట్టడం, ఎదుటివాడి తుంటి కదలిక చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు. అయితే మూడు అలవాట్లు మాన్పించాలి. కబడ్డీలో చీలమండ పట్టుకు దూకేటప్పుడు తల రైడర్ కాళ్ల ముందు పడుతుంది. రగ్బీలో పరుగెత్తి వచ్చే 100 కిలోల మనిషి మోకాలు ఆ తలకే తగులుతుంది. తల ఎప్పుడూ అతని తుంటి వెనక్కి, చెంప అతని తొడకు ఆనేలా ఉండాలి, కుడిభుజంతో కొడితే తల ఎడమకు, ఎడమతో కొడితే కుడికి. రెండోది డ్యాష్. కబడ్డీలో భుజంతో గుద్ది గీత దాటించడం గొప్ప పట్టు. రగ్బీలో చేతులు చుట్టకుండా భుజంతో గుద్దితే పెనాల్టీ, తలకు తగిలితే కార్డు. ఎత్తి పడేస్తూ తలకిందులు చేస్తే ఎర్రకార్డు. మూడోది అన్నిటికన్నా మొండి అలవాటు, కూత ఆగేదాకా వదలకపోవడం. రగ్బీలో ఎదుటివాణ్ని పడగొట్టిన మరుక్షణం వదిలేసి, పక్కకు దొర్లి, లేచి నిలబడాలి. అర సెకను ఎక్కువ పట్టుకున్నా పెనాల్టీ, గోల్ దగ్గరైతే మూడు పాయింట్లు పోయినట్టే. పట్టగానే విజిల్ వేసి, "వదులు, దొర్లు, లే" అని మూడు మాటలు అరిపిస్తూ రోజుకు నలభై, యాభైసార్లు చేయిస్తే రెండు మూడు నెలల్లో ఒళ్లు మారుతుంది. ఇది నెమ్మదిగా చేసే సాధన. పూర్తి బలంతో ఢీకొనే సాధన వారానికి 15 నిమిషాలకు మించొద్దని వరల్డ్ రగ్బీ 2021లో చెప్పిన లెక్క. మన క్యాంపుల్లో దాన్ని రోజుకు అరగంట చేయించేవాళ్లు ఉన్నారు, దయచేసి మానాలి.

ట్యాకిల్ ఎత్తు విషయంలో కూడా ఒక చిక్కుంది. అంతర్జాతీయ మ్యాచ్‌లో భుజాల గీత దాకా పట్టవచ్చు. ఇంగ్లండ్‌లో 2023 నుంచి ఔత్సాహిక క్లబ్బుల స్థాయిలో ఛాతీ ఎముక కింది అంచు దాకానే. స్థానిక పోటీలను ఈ తక్కువ ఎత్తుకే ఆడించాలని మా అభిప్రాయం. కింద పట్టడం అలవాటైన వాడు పెద్ద మ్యాచ్‌లోనూ తప్పు చేయడు.

వైద్యం గురించి రాజీ లేకుండా మాట్లాడాలి. మైదానం పక్కన ఇద్దరు డాక్టర్లు, ఇద్దరూ రగ్బీ గాయాల తక్షణ చికిత్సలో రెండో స్థాయి శిక్షణ ఉన్నవాళ్లు. మెడకు పట్టీలు మూడు కొలతల్లో, స్కూప్ స్ట్రెచర్, ఆక్సిజన్, గుండెకు షాకిచ్చే ఏఈడీ. అంబులెన్సులు రెండు. ఒకటి రోగితో బయటికి వెళితే రెండోది ఉండాలి, అదీ లేకపోతే వచ్చేదాకా ఆట ఆగాలి. నెహ్రూ స్టేడియానికి దగ్గర్లోనే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది, అదొక వరం. అయినా సెంట్రల్ స్టేషన్ దగ్గర సాయంత్రం రద్దీ తెలిసిందే కాబట్టి ట్రాఫిక్ పోలీసులతో దారి ముందే మాట్లాడుకోవాలి. మెడ దెబ్బ తగిలిన మనిషిని ఆరుగురు కలిసి ఒకే లెక్కకు ఎత్తడం మ్యాచ్ రోజున నేర్చుకునేది కాదు, టోర్నీకి ముందు కనీసం మూడుసార్లు సాధన చేయాలి.

తలదెబ్బకు పెద్ద టోర్నీల్లో 12 నిమిషాల పరీక్ష ఉంటుంది, అయితే దానికి వీడియో, శిక్షణ పొందిన డాక్టరు కావాలి. అవి లేని చోట ఒకే పద్ధతి, అనుమానం వస్తే బయటికి, ఆ రోజుకు మళ్లీ లోపలికి రావడం లేదు. క్లబ్బు స్థాయిలో పెద్దవాళ్లు 21 రోజుల లోపు మళ్లీ ఆడకూడదు, అందులో చివరి 14 రోజులు ఏ లక్షణమూ ఉండకూడదు. ఇళ్లలో దీన్ని "కళ్లు తిరిగాయి, ఎండ తగిలింది" అని కొట్టిపారేస్తారు. నడకలో తూలడం, అడిగిందే అడగడం, శూన్యంలోకి చూడటం, వెలుతురు భరించలేకపోవడం, వాంతి, చిరాకు, నిద్ర పాడవడం, వీటిలో ఒక్కటి కనిపించినా ఆట బంద్. ఆటగాళ్ల తల్లిదండ్రులకు ఇవన్నీ తెలుగులో, తమిళంలో అచ్చువేసి ఇవ్వాలి, సంతకం పెట్టించుకునే కాగితం కూడా వాళ్లు చదవగలిగే భాషలో ఉండాలి. మౌత్‌గార్డుకు వేడినీళ్లలో ముంచి కొరికే రకం కన్నా పంటి అచ్చు తీసి చేసింది ఎన్నో రెట్లు మేలు. చెన్నైలో ఇన్ని దంతవైద్య కళాశాలలు ఉన్నాయి, జట్టుకు ముప్ఫై అచ్చులు తీయడం వాళ్లకు ఒక పూట పని.

జనవరిలో కూడా మధ్యాహ్నం మూడింటికి మ్యాచ్ పెట్టొద్దు. నాలుగున్నరకు ఒకటి, ఏడింటికి ఒకటి. ప్రతి భాగం మధ్యలో నీళ్ల విరామం. మంచునీళ్ల తొట్లు నాలుగు, నీడలో. వడదెబ్బతో మాట తడబడుతున్న ఆటగాడికి ముందు మెడ దాకా చల్లనీళ్లలో ముంచడం, ఆ తర్వాతే ఆసుపత్రి. వరస తారుమారు చేస్తే దారిలోనే ప్రాణం మీదికి వస్తుంది. తొట్లకు కాశిమేడు ఐస్ బార్లు చాలు, తాగే నీళ్లలో మాత్రం వాటిని వేయకూడదు, చేపలకు వాడే ఐసు అది.

నాలుగు జట్లు ఒకదానితో ఒకటి ఆడితే ఆరు మ్యాచ్‌లు, రోజుకు రెండు చొప్పున మూడు రోజులు. 2023 ప్రపంచకప్‌లో ప్రతి జట్టుకూ మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య కనీసం 5 రోజుల విశ్రాంతి ఇచ్చారు, మనమూ అంతే ఇవ్వాలి. అప్పుడు మొదటి రోజు, 7వ రోజు, 13వ రోజు మ్యాచ్‌లు. ఖర్చు తగ్గుతుందని వారంలో ముగించాలనే ఒత్తిడి తప్పకుండా వస్తుంది, ఒప్పుకోకూడదు. జట్టుకు 30 మంది ఆటగాళ్లు, పదిమంది సిబ్బంది అనుకుంటే మొత్తం 160 మందికి రెండు వారాల విడిది. 2022లో మామల్లపురంలో చెస్ ఒలింపియాడ్ నడిపిన చోట విడిది, వీసా పనులు పెద్ద సమస్య కావు. గెలుపుకు 4 పాయింట్లు, డ్రాకు 2, నాలుగు ట్రైలు పెడితే ఒకటి, ఏడు లేదా తక్కువ తేడాతో ఓడితే ఒకటి. ఈ ఆఖరి ఒక్క పాయింటే చిన్న జట్టును చివరి నిమిషం దాకా పోరాడిస్తుంది. డోపింగ్ పరీక్షకు విడి గది, విడి మరుగుదొడ్డి తప్పనిసరి, జిమ్ దుకాణాల ప్రోటీన్ డబ్బాలను క్యాంపు గేటు దగ్గరే ఆపాలి.

రిఫరీలు మన దగ్గర చాలా తక్కువ. దేశాల మ్యాచ్‌కు రిఫరీ ఆ రెండు దేశాల వాడు కాకూడదు కాబట్టి బయటి నుంచి ముగ్గురు నలుగురు వస్తారు. గీత దగ్గరి అసిస్టెంట్లు, ఆటగాళ్ల మార్పు చూసేవాళ్లు, గడియారం పట్టేవాళ్లు మనవాళ్లే కావాలి. నందనంలో హ్యారీ క్రో బక్ 1920లో పెట్టిన వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల ఉంది. అక్కడ చదివే పీఈటీ విద్యార్థులకు, వాళ్లలో తెలుగు జిల్లాల నుంచి వచ్చేవారికీ, ఒక సెమిస్టర్ రిఫరీ శిక్షణ పెడితే రెండేళ్లలో మైదానం పక్కన నిలబడే మనుషులు దొరుకుతారు.

ఎవరు ఆడవచ్చన్నది ముందే తేల్చుకోవాలి. అంతర్జాతీయ నియమం ప్రకారం ఆ దేశంలో పుట్టినా, తల్లో తండ్రో, తాతో అమ్మమ్మో అక్కడ పుట్టినా, వరసగా 60 నెలలు అక్కడ ఉన్నా సరిపోతుంది. మన ప్రభుత్వం మాత్రం 2008 చివర్లో భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే దేశానికి ఆడాలని చెప్పింది. న్యూజిలాండ్‌లోనో ఇంగ్లండ్‌లోనో స్కూల్లో రగ్బీ ఆడుతున్న మన పిల్లల పేర్లు జాబితాలో రాసేముందు ఇది చూసుకోవాలి. కాగితాలు సరిగా చూడకపోతే ఏమవుతుందో స్పెయిన్‌కు తెలుసు. అర్హత లేని ఒక ఆటగాణ్ని దింపినందుకు పాయింట్లు కోత పడి 2023 ప్రపంచకప్ చోటే పోయింది. ప్రతి ఆటగాడి పాస్‌పోర్టు అసలు ప్రతిని నిర్వాహకులు కళ్లారా చూడాలి, జిరాక్సు చాలదు.

అమ్మాయిల టోర్నీ కూడా దీంతోపాటే పెట్టాలని మా గట్టి కోరిక. 2019లో మనీలాలో సింగపూర్‌ను 21-19తో ఓడించి, 15 మంది ఆటలో భారత మహిళల తొలి గెలుపు తెచ్చింది వాళ్లే. అదే మైదానం, అదే డాక్టర్లు, అవే తొట్లు, అదనంగా అయ్యేది విడిది ఖర్చు, మరో మూడు మ్యాచ్ రోజులు. అయితే గడ్డి కోలుకోవాలి కాబట్టి మగవాళ్ల మ్యాచ్‌కీ ఆడవాళ్ల మ్యాచ్‌కీ మధ్య రెండు రోజులు వదలాలి.

వీటిలో డబ్బుతో ఆఖరి నెలలో కొనలేనివి రెండే, ముందు వరస ఆటగాళ్లు, గడ్డి. మొదటిదానికి రెండేళ్లు కావాలి, ఈ ఏడాదే మొదలుపెట్టాలి. రెండోదానికి స్టేడియం వాళ్ల నుంచి ఒక కాగితం కావాలి. ఈశాన్య రుతుపవనాలు తగ్గిన డిసెంబరు మధ్య నుంచి టోర్నీ అయ్యేదాకా ఆ గడ్డి మీద కచేరీ వేదిక కానీ, సభాపందిరి కానీ వేయబోమని తేదీలతో సహా రాసివ్వాలి. ఆ కాగితం చేతికొచ్చాకే శ్రీలంకకో, మలేసియాకో ఆహ్వానం పంపాలని రగ్బీ సంఘం వారిని కోరుతున్నాం.

ఇట్లు,
చెన్నైలోని తెలుగు రగ్బీ శిక్షకులు, రిఫరీలు, ఫిజియోథెరపిస్టులు